గీత చెదరని బోల్టులు

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఎర్రగీత పడిన బోల్టును మళ్ళీ ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఏమవుతుందో చిన్నోడి కుడిచేతి చూపుడువేలే చెబుతుంది. నడిమి కణుపు దగ్గర అది పక్కకు తిరిగి, ఎప్పుడూ ఎవరికో సందు మలుపు చూపిస్తున్నట్టు ఉంటుంది.

షెడ్డంటే గొప్ప షెడ్డేమీ కాదు. ఇంటి వెనక గోడకు ఆనించి, ఇనప గొట్టాలు నిలబెట్టి, పైనా పక్కలా రేకులు కొట్టిన చోటు. అందులో ఒక విమానం ఉంది. బొమ్మ కాదు, నిజం విమానమే. ఒక్క మనిషి కూర్చునేది. దాని ఒంటి గొట్టాలన్నీ అతికింది మేస్త్రి. గేట్లు, కిటికీ కమ్మీలు వెల్డింగు చేసి బతికే మనిషి. రెక్కల లోపలి పక్కటెముకలూ, ముక్కు దగ్గర తిరిగే చెక్క పంకానూ చేసింది అతని తమ్ముడు, వడ్రంగి. తలలో సగం వెంట్రుకలు తెల్లబడినా తల్లి పిలిచే పిలుపే అతనికి పేరైపోయింది. అందరికీ అతను చిన్నోడే.

ఎగరాల్సింది మాత్రం మేస్త్రి భార్య. బడిపిల్లల వ్యాను తోలుతుంది కాబట్టి వీధి మొత్తం ఆమెను డ్రైవరమ్మ అంటుంది. విమానం నడిపే లైసెన్సు ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది. బడి సెలవులన్నీ శిక్షణ మైదానంలో ఎండలో మాడి తెచ్చుకుంది. మేస్త్రికి మేడ మెట్ల మీంచి కిందికి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఆ మాట ఎవరూ బయటికి అనకూడదు. అదొక కట్టుబాటు.

ఆ ఇంట్లో కట్టుబాట్లకు కరువు లేదు. బోల్టు బిగించేది ఎప్పుడూ మేస్త్రే. దానికి టార్క్ రెంచ్ అని ఒకటుంది. ఎంత గట్టిగా బిగించాలో పిడి మీద సరిచేసి పెడితే, అక్కడిదాకా రాగానే టక్కుమంటుంది. ఆ టక్కు వినగానే చెయ్యి ఆపాలి. తర్వాత చిన్నోడు అదే రెంచ్ పెట్టి రెండోసారి టక్కు వినాలి. విన్నాక నట్టు మీంచి కింది రేకు మీదికి ఎర్ర రంగుతో అడ్డంగా ఒక సన్నగీత గీయాలి. ఎప్పుడైనా నట్టు తిరిగితే గీత తెగి రెండు ముక్కలూ పక్కకు జరుగుతాయి. బోల్టు వదులైందని దూరం నుంచే తెలిసిపోతుంది.

ఆ ఎర్ర రంగు డ్రైవరమ్మ గోళ్ళ రంగు. సీసా ఒకనాడు ఆమె అలమరలో మాయమై షెడ్డులో తేలింది. అడిగితే, “రోజంతా స్టీరింగు పట్టుకునే దానివి, నీ గోళ్ళు ఎవడు చూడొచ్చాడే?” అన్నాడు మేస్త్రి.

వేలి సంగతి కూడా చెప్పుకోవాలి. రెక్క మొదట్లో ఒక బోల్టుకు గీత పడ్డాక చిన్నోడికి అనుమానం వచ్చి, ఎవరూ లేనప్పుడు మళ్ళీ రెంచ్ పెట్టాడు. టక్కు వినిపించలేదనుకుని ఇంకా తిప్పాడు. బోల్టు తల ఊడి చేతిలోకొచ్చింది. మేస్త్రి ఆ తలను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. “ఏ వేలు పెట్టి తిప్పావురా?” అని నెమ్మదిగా అడిగాడు. ఆ వేలిని ఇనుమును నొక్కిపట్టే వైసు దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు. కేక విని డ్రైవరమ్మ వ్యాను ఇంజను ఆపకుండానే దిగి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఎముక నలిగిన చప్పుడు అయిపోయింది. డ్రైవరమ్మ అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. “వాళ్ళ నాన్నయితే చెయ్యి మొత్తం పెట్టేవాడు. వీడు నయం,” అంది. ఆ నాటి నుంచీ గీత పడితే గీతే.

ఇదంతా వానల నెలల్లో జరిగింది. అప్పుడు షెడ్డు చెక్కతలుపు ఉబ్బి, కాలితో తన్నితే తప్ప తెరుచుకునేది కాదు. పంకాను రెండు ఇనప పళ్ళేల మధ్య పట్టి ఉంచే ఆరు బోల్టులూ బిగించింది ఆ రోజుల్లోనే. వానలు పోయాయి, చలి పోయింది, ఎండలు ముదిరాయి. నేల నెర్రెలిచ్చింది.

విమానాన్ని లేపడానికి పెట్టుకున్న రోజు రానే వచ్చింది. పొద్దున్నే ముగ్గురూ కలిసి దాన్ని షెడ్డులోంచి బయటికి తోశారు. తోకను లావుపాటి గొలుసుతో ఇనప గుంజకు కట్టి, చక్రాల కింద ఇటుకలు పెట్టారు. ఇంటి వెనకంతా పాత ఇటుకబట్టీ మైదానం, చాప పరిచినట్టు చదునుగా ఉంది. ఇన్నాళ్ళూ డ్రైవరమ్మ విమానాన్ని అక్కడ నేల మీదే పరుగెత్తించింది. ఇంజనును సగానికి మించి తెరవలేదు. ఇవాళ పూర్తిగా తెరవాలి. ముందు గొలుసు మీద, తర్వాత గాలిలో.

మేస్త్రి గడ్డం గీసుకుని, పెట్టెలోంచి తీసిన చొక్కా వేసుకుని, ఏదో పాట ఈల వేస్తున్నాడు. అతను సంతోషంగా ఉన్న రోజు ఇల్లు ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేది. కోపంలో ఉన్నప్పుడైతే దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది. సంతోషం చెడగొట్టిన వాడికి పడే దెబ్బకు లెక్కాపత్రం ఉండదు.

అత్తగారు షెడ్డు పక్కగోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. “అమ్మాయ్, పైకెళ్ళాక పక్కింటావిడ మేడ మీద ఏం ఆరేసిందో చూసి చెప్పు. నా దుప్పటి కనపడ్డం లేదు,” అంది.

“అలాగే అత్తయ్యా. దుప్పటి కోసమే కదా ఇదంతా కట్టింది,” అంది డ్రైవరమ్మ.

నవ్వుతూనే ఆమె విమానం చుట్టూ తిరిగింది. రెక్కల మొదళ్ళు, చక్రాల కాళ్ళు, తోక, చుక్కాని. ప్రతి బోల్టు దగ్గరా వంగి గీత చూసింది. ఒక్కటీ తెగలేదు. ఒంట్లో సన్నగా వణుకు ఉంది. అది భయం కాదు. వ్యాను తోలుతూ సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా తలెత్తి ఆకాశం చూసిన ఏళ్ళన్నీ ఆ వణుకులో ఉన్నాయి. ఈ విమానాన్ని మొగుడు తన గొప్ప కోసం కట్టి ఉండవచ్చు. ఆమె మాత్రం ఎగరడానికే దాన్ని ఓర్చుకుంది.

పంకా దగ్గరికి వచ్చేసరికి చిన్నోడు అక్కడ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“ఏంటి చిన్నోడా, నువ్వు చెక్కిందేగా? కొత్తగా చూస్తున్నావ్?”

“వదినా, షెడ్డు తలుపు ఇవాళ ఎలా తెరిచావ్?”

“చేత్తో.”

“వానల్లో?”

“తన్ని.”

“అదీ.” అతను పంకా వెనక, చెక్కా ఇనపపళ్ళెమూ కలిసే చోట వంకరవేలు పెట్టి తుడిచి చూపించాడు. వేలికి మెత్తటి నల్లపొడి అంటింది. “తలుపు ఎండినట్టే ఇదీ ఎండింది. బోల్టు తిరగలేదు, నిజమే. అందుకే గీత అలాగే ఉంది. కానీ దాని కింద చెక్క సన్నబడింది. లావుగా ఉన్నప్పుడు బిగించిన బెల్టు, చిక్కిపోయాక ఎలా ఉంటుంది? కన్నం అదే, బెల్టూ అదే. నడుమే లేదు.”

డ్రైవరమ్మకు అర్థమైంది. ఒంట్లో వణుకు అక్కడికక్కడే ఆగిపోయింది. “ఈ పొడి?”

“చెక్క లోపల కదులుతోంది. రాసుకుని మాడుతోంది. సగం ఇంజనుకే ఇంత. పూర్తిగా తెరిస్తే...” అతను రెండు అరచేతులూ కలిపి, విడదీసి చూపించాడు. “పైనుండగా అయితే నీ చేతిలో ఏమీ ఉండదు వదినా.”

“సరే, ఇంకాస్త బిగిస్తే సరిపోతుందిగా?”

“ఇప్పటికైతే సరిపోతుంది. రెంచ్ పెట్టాలంతే.” అని చిన్నోడు అన్నవైపు చూశాడు. “గీత తెంచాలి.”

“ఏంట్రా గుసగుసలు?” మేస్త్రి ఈల ఆపాడు. టార్క్ రెంచ్ అతని చేతిలోనే ఉంది. పనేమీ లేకపోయినా కర్రలా పట్టుకు తిరగడం అలవాటు.

చిన్నోడు లేచి నిలబడ్డాడు. తలుపు సంగతీ బెల్టు సంగతీ మళ్ళీ చెప్పాడు. ఈసారి మాటలు తడబడ్డాయి. మేస్త్రి అంతా విన్నాడు. వంగి ఆరు గీతలూ చూశాడు.

“గీత తెగిందా?”

“తెగలేదన్నా.”

“బిగించింది ఎవరు?”

“నువ్వే.”

“రెండోసారి టక్కు విన్నది ఎవరు?”

“నేనే.”

“అప్పుడు చెవులు పెట్టుకునే విన్నావా, ఇంట్లో మర్చిపోయొచ్చావా?”

“అప్పుడు సరిగ్గానే ఉందన్నా. ఇప్పుడు చెక్క...”

“చెక్క నీదేగా? అంటే నువ్వు చచ్చు చెక్క తెచ్చి పెట్టి, ఇవాళ, ఈ పొద్దున, నా బోల్టులు వదులంటావా?”

“బోల్టులది తప్పు కాదన్నా. నీది కాదు, నాదీ కాదు. ఎండది.”

“ఇంజను మసి వేలికి పూసుకొచ్చి నాకు పాఠాలు చెబుతున్నావా?”

డ్రైవరమ్మ మధ్యలోకి వచ్చింది. “ఏమయ్యా, ఒక్కసారి రెంచ్ పెడితే మన సొమ్మేం పోయింది? టక్కుమంటే చిన్నోణ్ణి నేనే తిడతా. మళ్ళీ గీత గీసుకుని వెళ్ళిపోదాం. ఎక్కేది నేనేగా?”

చెంప మీద దెబ్బ పడ్డాకే అతని చెయ్యి లేచిన సంగతి ఆమెకు తెలిసింది. ఎడమ చెవిలో గుయ్యిమని మోత మొదలైంది.

“ఎక్కేదానివి ఎక్కు. బిగించేవాడు బిగించాడు.”

“వదిన్ని కొడతావేంటన్నా!” అన్నాడు చిన్నోడు.

అతని గొంతులో ఆ స్వరం మేస్త్రి ఎన్నడూ వినలేదు. ఒక క్షణం బిత్తరపోయాడు. ఆ వెంటనే చేతిలోని టార్క్ రెంచ్ విసిరాడు. చిన్నోడు తల వంచాడు. రెంచ్ వెళ్ళి షెడ్డు ఇనప స్తంభానికి తగిలి, మెడ వంగిపోయి నేల మీద పడింది. ఇక దాని టక్కును ఎవరూ నమ్మలేరు. అది చూసి మేస్త్రికి పిచ్చెక్కింది. విసిరింది తనేనన్న సంగతి అతనికి తోచలేదు.

మీద పడ్డాడు. మొదటి గుద్దుకు చిన్నోడి ముక్కు చితికింది. రెండోదానికి పెదవి పగిలి, పన్ను ఒకటి రక్తంతో పాటు చొక్కా మీదికి జారింది. చిన్నోడు ఎప్పటిలాగే చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అతనికి తెలిసిన యుద్ధం అదొక్కటే. కానీ మేస్త్రి జుట్టు పట్టి తలను షెడ్డు రేకుకేసి కొట్టడం మొదలుపెట్టాక, మూడో మోతకో నాలుగో మోతకో, చిన్నోడి లోపల ఏదో తెగింది. ఒక్క అరుపు అరిచి అన్న నడుము వాటేసుకుని ముందుకు తోశాడు. ఇద్దరూ కలిసి పనిబల్ల మీద పడ్డారు. ఉలులు, ఆకురాళ్ళు, మేకుల డబ్బాలు నేలపాలయ్యాయి. మేకుల మీదే ఇద్దరూ పొర్లారు.

“ఒరేయ్ పెద్దోడా, కొత్త చొక్కారా!” అని అరిచింది అత్తగారు. ఆ తర్వాత చిన్నోడి ముఖం ఆమె కంటపడింది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతోంది.

డ్రైవరమ్మ వెళ్ళి మొగుడి భుజం పట్టి లాగింది. అతని మోచెయ్యి వెనక్కి వచ్చి ఆమె నోటి మీద తగిలింది. వెల్లకిలా పడింది. నాలుక తెగి నోరంతా ఉప్పగా అయింది. పడ్డచోటి నుంచే చూసింది. మేస్త్రి తమ్ముడి గుండె మీద మోకాలు పెట్టి, గొంతు పట్టుకున్నాడు. చిన్నోడు ఆ మణికట్టును కొరుకుతున్నాడు, పట్టిన పట్టు వదలకుండా. ఇద్దర్నీ విడదీయడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

కానీ వాళ్ళు తన్నుకుంటున్నంతసేపూ పంకా దగ్గర ఎవరూ లేరు.

చెల్లాచెదురైన పనిముట్ల మధ్య మామూలు రెంచ్ ఒకటి ఆమె చేతికి దగ్గరగా పడి ఉంది. తీసుకుని, నోటి రక్తం భుజానికి తుడుచుకుని, పంకా దగ్గరికి వెళ్ళింది. మొదటి నట్టుకు రెంచ్ తగిలించింది. టక్కు అక్కర్లేదు. వ్యాను చక్రాల నట్లు ఎన్నోసార్లు విప్పి బిగించిన చేతులవి. బిగుసుకున్న నట్టు ఎదురుతిరుగుతుంది. మోచేతి దాకా తెలుస్తుంది. ఇది ఎదురుతిరగలేదు. చిటికెనవేలితో నెడితే రెంచ్ కదిలింది. గీత మధ్యకు తెగి, పై ముక్క పక్కకు జరిగింది. ఇంకా నెట్టింది. ఇంకా తిరిగింది. పావు చుట్టు తిరిగాక గానీ చేతికి బరువు తగల్లేదు.

ఈ చెక్క నమ్ముకుని ఇంకాసేపట్లో ఆమె ఇళ్ళ పైకప్పుల మీద ఉండేది.

“ఇటు చూడు!” అని అరిచింది. “ఏమయ్యా! ఆపి ఇటు చూడు! వేలితో తిరిగింది! ఒట్టి వేలితో!”

మేస్త్రి తలెత్తాడు. తమ్ముణ్ణి వదిలేసి లేచి వచ్చాడు. మణికట్టు నుంచి రక్తం కారుతోంది. నట్టు దగ్గరికి వంగి చూశాడు. చూశాక ఎవరికైనా అర్థం కావాల్సిందే.

“గీత ఎవరు తెంచారు?” అన్నాడు.

అతనికి కనిపించింది అదొక్కటే.

“గీత ఎవరు తెంచారే?” రెంచ్ లాక్కుని కొట్టాడు. ఆమె మోచెయ్యి అడ్డం పెట్టింది. ఎముక మీద ఇనుము తగిలిన చప్పుడు ఆమెకే వేరే ఎవరిదో దెబ్బలా వినిపించింది. రెండోసారి ఎత్తాడు. ఆమె వెనక్కి జరగలేదు.

“నేనెక్కను,” అంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె చాలాసార్లు ఏడ్చింది, అరిచింది, పుట్టింటికి పోతానంది. ఇలా గొంతు పెంచకుండా ఒక్క మాట ఎప్పుడూ అనలేదు.

“ఎక్కవా?”

“చంపుతావా, చంపు. నేల మీదే చంపు. ఇది బిగించకుండా ఎక్కను.”

“నువ్వెక్కకపోతే ఆగిపోతుందనుకున్నావా?” రెంచ్ పారేశాడు. “చూడండ్రా, అందరూ చూడండి. నేను బిగించింది ఎలా నిలబడుతుందో చూసి చావండి!” అని ఒక్క అంగలో రెక్క మొదలు ఎక్కి సీట్లో కూలబడ్డాడు. గాల్లోకి లేవడానికి కాదు. తోక గొలుసుకు కట్టి ఉంది. నేల మీద నిలబెట్టే ఇంజనును పూర్తిగా తెరిచి, తన మాట గెలిపించుకోవడానికి. మీట నొక్కాడు. ఇంజను దగ్గింది, అందుకుంది. పంకా మాయమై, దాని చోట గాలిలో బూడిదరంగు చక్రం ఒకటి నిలబడింది.

డ్రైవరమ్మ వెనక్కి దూకి చుట్టూ చూసింది. చిన్నోడు పంకాకు సరిగ్గా పక్కగా, షెడ్డు గుమ్మంలో పడి ఉన్నాడు. అత్తగారు నీళ్ళచెంబు పట్టుకుని కొడుకు దగ్గరికి చేరి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పంకా పగిలితే ముక్కలు పక్కలకే ఎగురుతాయని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. తిరిగే పంకా పక్కన ఎన్నడూ నిలబడకూడదు.

పరుగెత్తింది. దెబ్బ తిన్న చెయ్యి పనిచేయలేదు. రెండో చేత్తో చిన్నోడి చొక్కా మెడ పట్టుకుని ఈడ్చింది. “లేవండి అత్తయ్యా! తోక వైపు! లేవండి!”

“నీళ్ళు తాగనీవే వాణ్ణి...”

“తర్వాత! లే ముసలీ!”

కోడలు తనను అలా పిలవడంతో అత్తగారు ఉలిక్కిపడి లేచింది. చెంబు జారిపోయింది. ముగ్గురూ పాకుతూ, పొర్లుతూ తోక దగ్గరి గుంజ వెనక్కి చేరారు. అప్పటికి ఇంజను గొంతు పూర్తిగా పైకి లేచింది. దుమ్ము, ఎండుగడ్డి, మేకులు వాళ్ళ ముఖాల మీదికి కొట్టుకొచ్చాయి. గొలుసు బిగుసుకుని మూలిగింది. వంటగదిలో గిన్నె మాడినట్టు ఒక వాసన వచ్చింది. చిన్నోడు ఆ వాసన పట్టి కళ్ళు తెరిచాడు.

“చెక్క,” అన్నాడు.

విమానం ముక్కు వణికింది. ఆ తర్వాత పెద్ద ఉరుములాంటి చప్పుడు. బూడిదరంగు చక్రం లేదు. పంకా సగం ముక్క షెడ్డు పక్కగోడను చీల్చుకుని అవతలి ఇటుకల్లో దిగబడింది. దారిలో అత్తగారి కుర్చీ ఉండింది. దాని వీపూ ఒక చెయ్యీ ఇప్పుడు లేవు. రెండో సగం మైదానంలోకి గిరగిరా తిరుగుతూ పోయింది. పంకా బరువు పోయిన ఇంజను గుర్రంలా ఎగిరి, తనను పట్టి ఉంచే ఊచలను తనే విరుచుకుని పక్కకు ఒరిగింది. ఆ కుదుపుకు మేస్త్రి ముఖం ముందున్న ఇనప పలకకు వెళ్ళి కొట్టుకుంది.

ఇంజను ఆగిపోయింది. పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు.

డ్రైవరమ్మే వెళ్ళింది. పెట్రోలు మీట కట్టేసింది. ఒంటిచేత్తో మొగుణ్ణి సీట్లోంచి కిందికి లాగింది. దవడ పక్కకు పోయింది. ఒక కన్ను కనిపించనంత వాచింది. కొత్త చొక్కా అంతా ఎరుపు. నేల మీద కూర్చోబెడితే, అతను ఉన్న ఒక్క కన్నుతో ఇంజను వైపు చూశాడు. ఆరు బోల్టులూ అక్కడే ఉన్నాయి. ముందు పళ్ళెం వాటికే వేలాడుతోంది. లోపల బొగ్గైన చెక్క పీచులు మాత్రం మిగిలాయి.

మేస్త్రి వేలెత్తి చూపించాడు. విరిగిన దవడతో, ముద్దముద్దగా, “గీతలు చూడు. చెక్కుచెదర్లేదు,” అన్నాడు. తర్వాత తెగిన ఒక్క గీతను చూపించాడు. “నువ్వు ముట్టుకున్నదే... దానివల్లే...”

గుంజకు ఆనుకుని కూర్చున్న చిన్నోడు రక్తం ఉమ్మాడు. “ఆరింట్లో బిగిసింది అదొక్కటే అన్నా,” అన్నాడు. అనగానే నవ్వొచ్చింది. నవ్వితే పగిలిన పెదవి ఇంకా పగిలింది. అయినా ఆపుకోలేకపోయాడు.

అత్తగారు సగం మిగిలిన కుర్చీని చూస్తూ నిలబడింది. దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. పెద్దకొడుకు ముందుకు వచ్చి నిలబడి, అతని ముఖం అలా ఉందని కూడా చూడకుండా, చాచి ఒక్కటి కొట్టింది. అతను గాయపడ్డ పశువులా అరిచాడు. “మీ నాన్న కొడుతుంటే నోరు మూసుకు కూర్చున్నా. నా ఖర్మ,” అంది. అప్పుడు గానీ ఏడవలేదు.

డ్రైవరమ్మ పనిబల్ల కింద వెతికింది. గోళ్ళ రంగు సీసా మేకుల మధ్య పగలకుండా దొరికింది. మూత బిగించి జేబులో వేసుకుంది.

అందర్నీ వ్యానులోకి ఎక్కించింది. పిల్లలు కూర్చునే చిన్న సీట్ల మీద అన్నదమ్ములిద్దరూ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో తల్లి. ఆసుపత్రి పెద్ద రోడ్డు మీద ఉంది. డ్రైవరమ్మ ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒంటిచేత్తో తోలుతోంది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా పళ్ళు బిగిస్తోంది.

“మళ్ళీ కడదాం,” అంది, అద్దంలోకి చూడకుండా.

ఇంకో గేరు మార్చి మళ్ళీ అందుకుంది.

“ఇంజను బాగవుతుంది. ఊచలు కొత్తవి అతకాలి. చిన్నోడా, పంకా ఇంకొకటి చెక్కుతావా?”

“చెక్కుతా వదినా. ఎండల్లో ఒకసారి, వానల్లో ఒకసారి రెంచ్ పెట్టనిస్తే.”

“పెట్టేది నువ్వు కాదు. ఇకనుంచి గీత నేను గీస్తా. తెంచాలనిపిస్తే నేనే తెంచుతా. ఎక్కేది నేను.”

అప్పటికి వాపెక్కి మేస్త్రి నోరు బిగుసుకుపోయింది. దవడ కదలదు. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. ఆమె సీటు వెనక, ఆమె తల ఎత్తులో, అతని పిడికిలి లేచింది. కొట్టే శక్తి ఉందో లేదో అతనికే తెలియదు. లేవడం మాత్రం ఆ చేతికి అలవాటు.

డ్రైవరమ్మ దాన్ని అద్దంలో చూసింది. బ్రేకు తొక్కింది. వ్యాను పెద్ద రోడ్డు నడిమధ్యన ఆగింది. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో గోళ్ళ రంగు సీసా పక్కన వేసుకుంది. వెనక లారీలు, కార్లు ఒక్కసారిగా హారన్లు మోగించాయి. ఎవడో తల బయటపెట్టి బూతులు తిట్టాడు.

“ఆ చెయ్యి దిగేదాకా బండి కదలదు,” అంది.

హారన్లు పెరిగాయి. మేస్త్రి దవడ నుంచి రక్తం చొక్కా మీదికి, చొక్కా మీంచి నేల మీదికి కారుతోంది. అతను తల్లి వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. తమ్ముడి వైపు చూశాడు. చిన్నోడు ముక్కు పట్టుకుని అతన్నే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

“నాకేం తొందర లేదు,” అంది డ్రైవరమ్మ. మోచేతి నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు అదే. “నీకుంటే చెప్పు.”

గాలిలో ఉన్న పిడికిలి సడలింది. వేళ్ళు ఒక్కొక్కటిగా విడివడ్డాయి. చెయ్యి నెమ్మదిగా కిందికి వచ్చి మోకాలి మీద పడింది. చిన్నోడు వంగి, తన వంకరవేలి చేత్తో ఆ మణికట్టును, తన పళ్ళు దిగిన చోటే, గట్టిగా పట్టుకున్నాడు.

డ్రైవరమ్మ అద్దంలో ఆ పట్టును చూసింది. ఇంకాసేపు చూసింది. ఆ తర్వాతే జేబులోంచి తాళం తీసింది.